పిన్నికి కనబడని పేపర్లు

"ఇక చాల్లేవే తల్లీ. నా పేరు తీసేయమని మీ సారుతో చెప్పెయ్" అంది పిన్ని, కుర్చీలో కూలబడుతూ.

కాలేజీలో తన గదికి వచ్చి పిన్ని ఆ మాట అనేసరికి లెక్చరరమ్మ చేతిలో పని ఆపేసింది. వంతెనల గురించి జరగబోయే సదస్సుకు దేశదేశాల నుంచి వచ్చిన పరిశోధన పేపర్లన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఏ పేపర్ ఎవరు చదివి మంచిచెడ్డలు తేల్చాలో అందులో పంచిపెట్టడం ఆమె పని. జీవితమంతా వంతెనల పాఠాలు చెప్పి రిటైరైన పిన్నిని పట్టుబట్టి ఆ కమిటీలో వేయించిందీ ఆమే. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న మనిషి, ఈ కబురు వినగానే కొత్త కళ్లజోడు చేయించుకుని మరీ సిద్ధమైంది. తీరా లాగిన్ అయితే ఏముంది? "మీకు కేటాయించిన పేపర్లు లేవు" అని తెల్లటి పేజీ. ఒకనాడు కాదు, రోజూ అదే పాట.

"ఎక్కడ నొక్కాలో మతి ఉండటం లేదే నాకు. మొన్న పొయ్యి మీద పాలు కూడా మర్చిపోయాను."

"పాలు నేనూ మర్చిపోతాను పిన్నీ."

"నువ్వు మర్చిపోతే పరధ్యానం అంటారు. నేను మర్చిపోతే వయసు అంటారు."

నవ్వుతూనే అంది గానీ, కళ్లజోడు తీసి కొంగుతో తుడవడం లెక్చరరమ్మ చూసింది. ఇవాళ పేరు కొట్టేస్తే పిన్ని మళ్లీ పుస్తకం ముట్టదు. తనకు మతి పోయిందని తానే తీర్పు చెప్పేసుకుంటుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. ఆయనకు విద్యార్థులు తొందర సారు అని పేరు పెట్టారు. కుర్చీలో పూర్తిగా కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"మేడమ్, సాయంత్రానికి చదవడం మొదలుపెట్టకపోతే మీ పేపర్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. ఏమనుకోకండి. మీరొక్కరే కాదులెండి, రిటైరైనవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. పెద్దవాళ్లని మొహమాటానికి తీసుకుంటే ఇంతే" అని, వచ్చినంత వేగంగానే వెళ్లిపోయాడు.

పిన్ని తల దించుకుంది. లెక్చరరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొహమాటమట! ఈ మనిషి కట్టిన వంతెనల లెక్కలన్నీ పిన్ని దిద్దినవే కదా!

"పిన్నీ, లేచి ఇలా రా. నీ పాస్‌వర్డ్ నా కంప్యూటర్‌లో కొట్టు."

కొట్టింది. అదే తెల్లపేజీ.

"చూశావా? ఎక్కడ నొక్కినా ఇంతే. నీ వేళ్ల తప్పు కాదు."

"అయితే నా జాతకం తప్పు."

లెక్చరరమ్మ తన ఖాతాలోకి వెళ్లి చూసింది. సమీక్షకుల జాబితాలో పిన్ని పేరు ఉంది. పేపర్లు పంచినట్టూ ఉంది. ఇటు చూస్తే ఇచ్చినట్టే ఉంది, అటు చూస్తే ఏమీ లేదు. తల గోక్కుని, కనబడిన సెట్టింగులన్నీ వరసగా మార్చబోయింది.

"ఆగవే!" పిన్ని గొంతు ఒక్కసారిగా క్లాసులో గొంతు అయిపోయింది. "అన్నీ ఒకేసారి మారిస్తే ఏది విరిగిందో ఎలా తెలుస్తుంది? దూలం మీద బరువు ఎలా వేస్తాం? కొంచెం కొంచెం. ఒకసారికి ఒక్కటే మార్చు."

బుద్ధొచ్చిందనుకుని లెక్చరరమ్మ ఒక ఉత్తుత్తి పేపర్ తయారుచేసింది. రచయితగా తన పేరు, కాలేజీ మెయిల్ పెట్టి పిన్నికి కేటాయించింది. అది ఠక్కున పిన్ని పేజీలో కనబడింది.

"వచ్చిందే!" అని పిన్ని చప్పట్లు కొట్టింది. "ఇప్పుడు ఇంకొకరిని చేర్చు. అసలు పేపర్లలో ఎవరెవరు ఉంటారు?"

"సార్లు, వాళ్ల విద్యార్థులూ."

"విద్యార్థిని చేర్చు మరి."

విద్యార్థులకు కాలేజీ మెయిళ్లెక్కడివి? అందరిదీ ఊరందరూ వాడే ఉచిత మెయిలే. అది చేర్చగానే పేపర్ మాయమైంది. తీసేస్తే వచ్చింది. చేరిస్తే మళ్లీ పోయింది.

"నాదీ ఆ మెయిలే" అంది పిన్ని నెమ్మదిగా. "నా వివరాలు తెరువు."

తెరిచింది. తోటి ఉద్యోగుల పేపర్లకు ఎవరూ తీర్పు చెప్పకూడదని, సమీక్షకులు ఏ సంస్థవారో రాసే గడి ఒకటుంది. పిన్ని గడిలో ఆ ఉచిత మెయిల్ పేరు ఉంది. దాంతో సాఫ్ట్‌వేర్, ఆ మెయిల్ వాడే ప్రతివాడూ పిన్ని సహోద్యోగే అనుకుని, వాళ్ల పేపర్లన్నీ ఆమెకు కనబడకుండా దాచేసింది!

"ఇది నువ్వు రాశావా?"

"నా వివరాలన్నీ మీ సారే నింపారు కదే."

లెక్చరరమ్మ రిటైరైన మిగతావాళ్ల వివరాలు కూడా చకచకా తెరిచింది. అందరి గడిలోనూ అదే. ఒక్క పరుగున వెళ్లి తొందర సారును రెక్క పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చింది.

ఆయన చూశాడు. మొహం కందగడ్డయింది. "రిటైరయ్యారు కదా, సంస్థ ఉండదు. ఖాళీగా వదిలితే ముందుకు పోవట్లేదు. అందుకని మెయిల్‌లో చివర ఏముంటే అది అందరికీ పెట్టేశాను" అని నసిగాడు.

"బాగుంది నాయనా! లోకంలో అందరితోనూ నాకు చుట్టరికం కలిపేశావు" అంది పిన్ని.

తొందర సారు మొట్టమొదటిసారి కుర్చీలో పూర్తిగా కూర్చున్నాడు. "క్షమించండి మేడమ్. మిమ్మల్ని అనరాని మాట అన్నాను."

లెక్చరరమ్మ ఆ పేరు చెరిపి, "రిటైరయ్యారు" అని కొట్టి భద్రపరిచింది. పేజీ నిండా పేపర్లు! పిన్ని వాటి పేర్లు పైకి చదువుతుంటే లెక్చరరమ్మకు గంతులేయాలనిపించింది. సారు ఉన్నాడని ఊరుకుంది గానీ, పిన్ని మెడ మాత్రం కావలించుకుంది.

"వదలవే, చదువుకోవాలి" అంది పిన్ని. అంటూనే ఏదో తట్టి ఫోన్ తీసింది. ఆమెతో పాటు పనిచేసి రిటైరై, ఈ కమిటీలోనే ఉన్న కాంక్రీటు మాష్టారికి చేసి, స్పీకర్ పెట్టింది.

"ఏమయ్యా, నీకూ ఆ తెల్లపేజీయేనా?"

మాష్టారు గొంతు తగ్గించారు. "నీకెవరు చెప్పారు?" అన్నారాయన. "ఇంట్లో కూడా చెప్పలేదే నేను. కంప్యూటర్ ముందు కూర్చుని చదువుతున్నట్టు నటిస్తున్నాను."

"మనకెవరికీ కనబడలేదయ్యా. మన మతికేం కాలేదు. తప్పు మనది కాదు."

తొందర సారు నేల చూపులు చూస్తున్నాడు.

"ఆ మాట ఇంకొక్కసారి చెప్పవా?" అన్నారు మాష్టారు.

పిన్ని ఇంకొకసారి చెప్పింది, ఈసారి వరండా చివరిదాకా వినబడేలా.