పావుచుట్టు మూత

మధ్యాహ్నం మూడింటికి నమూనా మూత నాలుగోసారీ సగంలోనే ఇరుక్కుంది. మూతల కంపెనీలో ముప్పై ఏళ్లుగా డిజైన్ బొమ్మలు గీస్తున్న ముసలాయన కళ్లజోడు నుదుటిమీదికి తోసి, "ఓసి నీ దుంప తెగ!" అని దాన్నే తిట్టాడు.

ఇది కంపెనీ పని కాదు, ఇంటి పని. యజమానికి తెలుసు, తెలియనట్టుంటాడు. ముసలాయన భార్య వేళ్లు కీళ్లవాతంతో వంకరపోయాయి. మాత్రలేమో వేడినీళ్లతోనే వేసుకోవాలి. ఆయన ఫ్లాస్కు బిగించి వస్తే ఆమె తీయలేదు, వదులుగా పెడితే నీళ్లు చల్లారిపోతాయి. రోజూ పక్కింటావిడని పిలవాలంటే ఆమెకి తల కొట్టేసినట్టుంటుంది. అందుకే మరలు లేని ఈ మూత. ఫ్లాస్కు మెడకి తొడిగే గొట్టంమీద వంపు గాడి ఉంటుంది. మూత లోపలి బుడిపె అందులోకి దిగి, పావుచుట్టు తిరిగి, చివరి గుంటలో కూర్చోవాలి. అంతే.

పక్క కుర్చీలోని చిన్న ఇంజనీరమ్మ ఆయన కంప్యూటర్‌లోకి తొంగిచూసింది. "గాడి ఎలా కోశారు బాబాయ్‌గారూ?"

"ఎదురుగా గీసి, తిన్నగా లోపలికి కోసేశానమ్మా."

అన్నాక ఆయనకే వెలిగింది. గొట్టం గుండ్రం కదా! తిన్నగా కోస్తే గాడి మధ్యలో బాగానే ఉంటుంది, పక్కలకి పోయేకొద్దీ గోడలు ఏటవాలై బుడిపెని పట్టేస్తాయి.

"ముప్పై ఏళ్ల సర్వీసట, సిగ్గులేకపోతే సరి!" అని నవ్వుకుని, పాత అలవాటుకొద్దీ కాగితం పట్టీ కత్తిరించి గొట్టానికి చుట్టి చూశాడు. పట్టీని పరిచి గాడి గీశాడు. అదే గీతని కంప్యూటర్‌లో గొట్టానికి చుట్టబెట్టి, పొడవునా కోత గొట్టం నడిమధ్యకే గురిపెట్టేలా చేశాడు. మలుపు దగ్గర వాలు ఇంకాస్త తగ్గించాడు. ఆ వేళ్లకి అదైనా బరువే.

సాయంత్రం ఇంట్లో, కొత్తగా చేయించి తెచ్చిన గొట్టం ఫ్లాస్కుకి తొడిగి ఇచ్చాడు. ఆమె మూతని అరచేత్తో నొక్కి, మణికట్టుతో తిప్పింది. టక్. వచ్చేసింది! పెట్టింది, తీసింది, పసిపిల్లలా ఆరుసార్లు. కళ్లనిండా నీళ్లు, నోటినిండా వెక్కిరింత.

"ఇన్నాళ్లూ మూత తీస్తారనే మిమ్మల్ని భరించాను. ఇక మీతో పనేముందండీ?"

"అమ్మో, నా ఉద్యోగం ఊడిందే!" అంటూ ఆయన పడక్కుర్చీలో వాలాడు. చాలా సంతోషంగా ఉంది ఆయనకి. "కాస్త కునుకు తీస్తా. మాత్రల వేళకి లేపు."

ఆ వేళకి ఆమె తనే మూత తీసి, తనే నీళ్లు వంచుకుంది. ఆ గొప్ప చూపిద్దామని, "ఏమండీ, ఇటు చూడండి" అంది. రెండోసారి భుజం తట్టింది. మూడోసారి పిలవలేదు. చల్లబడిన ఆయన చేయి తన చేతుల్లోకి తీసుకుని పక్కనే కూర్చుండిపోయింది.

బల్లమీద, మూత తీసిన ఫ్లాస్కులోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంది.