అల్మారాలో రుజువు

నరేందర్ ఎవరినీ ఒక పట్టాన నమ్మడు. కూరగాయలమ్మే ఆమె తూకం రాళ్లను చేతిలోకి తీసుకొని మరీ చూస్తాడు. పాలమనిషి ఎదురుగానే పాలచుక్క నేల మీద వేసి, అది పారుతుందా నిలుస్తుందా అని వంగి పరీక్షిస్తాడు. అటువంటి మనిషికి జిల్లా కిక్ బాక్సింగ్ పోటీల్లో చేతుల తనిఖీ అప్పగించారు. గ్లౌజుల లోపల ఆటగాళ్లు చేతికి గుడ్డ బ్యాండేజి చుట్టుకుంటారు. అది మెత్తగా ఉందో లేదో నొక్కి చూసి దాని మీద సంతకం పెట్టాలి. ఆ పనికి అతని కంటే తగినవాడు నిజామాబాద్‌లో వెతికినా దొరకడు.

అతని అనుమానానికి ఓ కారణం లేకపోలేదు. పన్నెండేళ్ల కిందట ఫైనల్లో రుద్రూర్ భూమన్న కొట్టిన గుద్దుకు నరేందర్ దవడ విరిగింది. గ్లౌజు విప్పి చూస్తే భూమన్న బ్యాండేజి గోడలా గట్టిగా ఉంది. ప్లాస్టర్ పోసుకొని వచ్చాడని నరేందర్ ఆ విరిగిన దవడతోనే కాగితం రాసిచ్చాడు. చెయ్యి బెణికితే మా అవ్వ మందు పెట్టిందని భూమన్న ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. జీవితాంతం రింగ్ ఎక్కకుండా చేశారు. నరేందర్ ఆ బ్యాండేజిని కవర్లో చుట్టి ఇంట్లో అల్మారాలో దాచుకున్నాడు. రేపెవడైనా కాదంటే మొహాన చూపించడానికి రుజువు ఉండాలి కదా.

ఫైనల్ రోజు ఉదయం కూడా భార్య శైలజ దాని మీదే గొణిగింది. వానలు పడగానే ఆ దిక్కుమాలిన కవరుకు చీమలు బారులు కడుతున్నాయనీ, చీరల్లోకి కూడా పాకుతున్నాయనీ, ఇకనైనా పారెయ్యమనీ అంది. నరేందర్ ఎప్పటిలాగే ఊ కొట్టాడు గానీ వినలేదు. అతని మనసంతా ఫైనల్ జాబితాలోని ఒక పేరు మీద ఉంది. నిరోష, తండ్రి భూమన్న, రుద్రూర్.

పదహారేళ్ల పిల్ల. గెలిస్తే రాష్ట్ర జట్టులోకి పోతుంది. తండ్రి చెరుకు తోట గట్టు మీద నేర్పాడట. ముందురోజు సెమీఫైనల్‌కు ముందు నరేందర్ ఆమె చేతులను రెండుసార్లు నొక్కి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో అతని అనుమానం తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. ఏమీ లేకుండానే గెలుస్తుందా అని రాత్రంతా దొర్లాడు.

ఈ రోజు ఆ పిల్ల ఇంటి దగ్గరే బ్యాండేజి చుట్టుకొని వచ్చింది. తనిఖీ చేసేవాడి ముందే చుట్టుకోవాలన్నది నియమం. పైగా కుడి చెయ్యి తువ్వాలు కింద దాచుకుంది. నరేందర్ తువ్వాలు లాగి బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు. పెన్నుతో కొట్టి చూశాడు. టక్కుమంది.

"ఏం పెట్టుకొని వచ్చినవ్ బిడ్డా?"

నిరోష తల వంచుకుంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అనుకున్నాడు నరేందర్. నిజం చెప్పాలంటే అతనికి సంతోషమైంది. పన్నెండేళ్లుగా తను అంటున్నది ఈ రోజు అందరి కళ్ల ముందూ రుజువైంది. కత్తెరతో బ్యాండేజి కోశాడు. మట్టిరంగు పెచ్చులు బల్ల మీద విరిగి పడ్డాయి. పోటీల కార్యదర్శిని పిలిచి, ఈ పిల్లనూ జీవితాంతం ఆపమని కాగితం రాయమన్నాడు.

వెనక బెంచీల్లో కూర్చున్న భూమన్న లేచి వచ్చాడు. బల్ల మీది పెచ్చులు చూడగానే అతని మొహం పాలిపోయింది. ఏంటిదని కూతుర్ని అడిగాడు.

"నిన్న ఆటల చెయ్యి బెణికింది బాపూ. నీకు జెప్తే ఆడనియ్యవని జెప్పలే. అవ్వ సున్నం, బెల్లం కలిపి పట్టు పెట్టింది. తీస్తే మళ్ల నొస్తదని మీదికెళ్లే చుట్టుకున్న."

నరేందర్ నవ్వాడు. పన్నెండేళ్లు గడిచినా కొత్త కథ దొరకలేదా, మళ్లీ భూమన్న తల్లి, ఆ అవ్వేనా అన్నాడు. భూమన్న అతని వైపు తిరిగాడు.

"ఆనాడు మా అవ్వకు జెప్పలే అన్నా. ఆమె చేతి పట్టుతోనే నా ఆట వోయిందని తెలిస్తే బతకదని జెప్పలే. జెప్పుంటే ఇయ్యాల పిల్లకు పెట్టకపోతుండె."

బాగానే నేర్చుకొచ్చారు తండ్రీబిడ్డలు అనుకున్నాడు నరేందర్. కార్యదర్శి కాగితం రాసి, ముద్ర తేవడానికి లోపలికి వెళ్లాడు. అంతలో కిటికీ పగులులోంచి ఒక చీమ బల్ల మీదికి దిగింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే సన్నని బారు పెచ్చుల దాకా వచ్చి ఆగింది.

ప్లాస్టర్‌కు చీమలు పట్టవు. నరేందర్ ఒక పెచ్చు గిల్లి నాలుక మీద వేసుకున్నాడు. సున్నం చురుక్కుమంది. ఆ మంట వెనకే తియ్యగా తగిలింది. పొద్దున శైలజ అన్న మాటలు అప్పుడు వినిపించాయి అతనికి. అల్మారా, కవరు, బారులు కట్టే చీమలు. దవడ విరగడం నిజమే. మోసమన్నది మాత్రం తను కల్పించింది.

కార్యదర్శి తిరిగి వచ్చేసరికి నరేందర్ ఆ కాగితం చించేశాడు. ఇది మందు, మోసం కాదని చెప్పాడు. అయినా గట్టి పట్టుతో ఎవరూ ఆడకూడదు గనక నిరోష చెయ్యి కడిగించాడు. డాక్టరు చూసి ఎముకకు ఏమీ కాలేదన్నాడు. కొత్త బ్యాండేజి నరేందరే మెత్తగా చుట్టి సంతకం పెట్టాడు. ఆ పిల్ల మూడు రౌండ్లూ కాళ్లతోనే కొట్లాడి, ముగ్గురు జడ్జిల్లో ఇద్దరి లెక్కతో గెలిచింది.

నరేందర్ భూమన్న దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. భూమన్నే ముందుగా అడిగాడు.

"నీ దవడ మంచిగైందా అన్నా?"

సాయంత్రం ఇంటికొచ్చి నరేందర్ అల్మారా తెరిచాడు. కవరు విప్పితే గుడ్డ జల్లెడైపోయి ఉంది. బెల్లం చీమలు తినగా మిగిలిన సున్నం పిడికెడు పొడిగా రాలింది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక శైలజ మీద పడ్డాడు. ఈ చీమల సంగతి ముందే గట్టిగా చెప్తే ఏం పోయిందన్నాడు.

"పన్నెండేండ్ల సంది ప్రతి వానకాలం జెప్తనే ఉన్న. నువ్వు ఇన్నదెన్నడు?" అంది శైలజ.