కలగలుపు బియ్యం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సుబ్బరత్నం నోరు అంత మంచిదేం కాదు గానీ మనసు మాత్రం వెన్న. యాభై రెండులో వరసగా రెండో ఏడు కూడా వానలు మొహం చాటేసినప్పుడు, తిరువూరు బజారులో షావుకార్ల ఇళ్ళ ఆడవాళ్ళను పోగేసి గుప్పెడు బియ్యం పని మొదలుపెట్టింది ఆవిడే. పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు తీసి ఉంచాలి. వీధికొకరు చొప్పున బుట్ట పట్టుకుని వచ్చి తీసుకెళ్తారు. శుక్రవారం ఇంట్లో బియ్యం ఎవరూ బయటికివ్వరు కాబట్టి ఆరోజు సెలవు. శనివారం మిల్లు వెనక కొట్లో పనుల్లేని కుటుంబాలకు కొలిచి పోస్తారు.

సుబ్బరత్నం వీధిలో చివరి ఇల్లు సరోజినీదేవిది. వినగడప దగ్గర పాతికెకరాల ఆసామి కోడలు. ఒకప్పుడు వాళ్ళ వాకిట్లో నిలబడి అడిగినవాడు వట్టి చేతులతో వెళ్ళలేదు. ఆమె గుప్పెడు ఒక్కరోజూ తప్పలేదు.

ఒక బుధవారం ఆ గుప్పెడు బుట్టలో పడగానే సుబ్బరత్నం చూపు అక్కడే ఆగిపోయింది. నాలుగు ఎర్ర గింజలు, కాసిని నూకలు, మిల్లు బియ్యం, దంపుడు బియ్యం, అన్నీ కలిసి ఉన్నాయి. ఏ ఇంట్లోనూ అలాంటి బియ్యం ఉండవు. నూరిళ్ళ గుప్పెళ్ళు కలిసిన కొట్లో తప్ప!

వాళ్ళ పొలంలో పనిచేసిన జ్ఞానమణి ప్రతి శనివారం నాలుగు మానికలు పట్టుకెళ్తుంది. ఆ బియ్యం ఎవరి చేతి మీదుగా వచ్చాయో ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. తన కూలి పోయినా, ఆ మహాతల్లి ఒకప్పటి యజమానురాలికి సగం పంచుతోంది. ఆ సగంలోంచే ఈవిడ రోజూ గుప్పెడు తీసి ఇస్తోంది, పరువు కోసం.

సుబ్బరత్నానికి గుండె చెరువైంది. రాత్రంతా ఆలోచించి, అతితెలివికి పోయింది పిచ్చిది. ఆకలితో ఉన్న ఇంట్లోంచి ఆ గుప్పెడైనా తీసుకోకుండా ఉంటే మేలు కదా అనుకుంది. గురువారం సరోజినీదేవి గుమ్మంలో గుప్పిట పట్టుకుని నిలబడి ఉండగానే, తల దించుకుని గబగబా దాటి వెళ్ళిపోయింది.

"అదేంటి రత్నమ్మా! ఆ ఇంటి ముందు ఆగలేదేం?" ఎదురింటి అరుగు మీది సుబ్బాయమ్మ వీధంతా వినపడేలా అడిగింది.

"మర్చిపోయానండీ," అంది సుబ్బరత్నం. వెనక్కి తిరిగేసరికి ఆ తలుపు మూసుకుంది. చేసిన ఘనకార్యం ఏమిటో అప్పుడు అర్థమైంది ఆవిడకి.

శనివారం జ్ఞానమణి కొట్టు దగ్గరికొచ్చి గోనెసంచి సగమే తెరిచి పట్టుకుంది.

"రెండు మానికలు చాలండి, అమ్మగారూ."

"ఏమే?"

"పెద్దమ్మగారు ఇంక ముట్టనన్నారండి. ఉన్నవి కూడా తెచ్చి నా చేతుల్లో పోసేశారు. పిల్లలకైనా ఉంచండమ్మా అంటే తలుపేసుకున్నారు. ఏడ్చి ఏడ్చి ఆళ్ళు కూడా ఊరుకున్నారండి లోపల."

ఆ పూటంతా సుబ్బరత్నానికి అదే ఆలోచన. బియ్యం మోయించుకుని వెళ్ళి ఇద్దామా అంటే మళ్ళీ వీధి చూస్తుంది. ఇవ్వకపోతే పిల్లలు చస్తారు. ఎన్ని మాటలొచ్చిన నోరు! ఆ ఇంటికి చెప్పుకోవడానికి ఒక్క మాట దొరకలేదు.

ఆదివారం తెల్లారగానే బుట్ట పట్టుకుని ముందు ఆ ఇంటికే వెళ్ళింది.

"సరోజినీదేవి గారూ, గుప్పెడు పెట్టండమ్మా!" అని గట్టిగా పిలిచింది. సుబ్బాయమ్మ అరుగు మీద మెడ సాచింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సరోజినీదేవి గుప్పిట మూసుకుని వచ్చింది. మట్టిగాజులు మోచేతి దాకా జారిపోయాయి. బుట్టలోకి చెయ్యి పెట్టి గుప్పిట విప్పింది. ఒక్క గింజ రాలలేదు.

సుబ్బరత్నం చటుక్కున పమిట కొంగు బుట్ట మీదికి లాగింది.

"చాలమ్మా, నిండుగా వేశారు!" అంది వీధి వినేలా.

సరోజినీదేవి చెయ్యి ఇంకా కొంగు కిందే ఉంది. ఆ చెయ్యి సుబ్బరత్నం మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"పిల్లలు తిని రెండు రోజులైంది రత్నమ్మ గారూ," అంది పెదవులు కదపకుండా. "జ్ఞానమణిని పంపించండి."