మాసికల గొడుగు

కుటుంబమంతా కలిసి చిన్న చిన్న మ్యూజియంలు చూడబోతుంటే బాబాయి ఆ పాత గొడుగు పట్టుకొచ్చాడని దర్జీ పిన్నికి ఒళ్ళు మండిపోయింది. జాకెట్ల గుడ్డముక్కలతో దానికి మాసికలు వేసింది తనే అయినా సరే.

"నలుగుర్లో పరువు తీస్తున్నారు. పారేయమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"వాన పడితే ముందు దూరేది నువ్వేగా," అన్నాడు బాబాయి.

తాళాల మ్యూజియంలో పిన్ని తోడికోడలు ఊరుకోక ఒక తాళం తిప్పబోయి, "ముట్టుకోకూడదమ్మా!" అని కాపలాదారు చేత చీవాట్లు తింది. గొడుగుల మ్యూజియానికి చేరేసరికి వాన పట్టుకుంది. బాబాయి తడిసిన గొడుగును ఆరడానికని ఒక మూల తెరిచి పెట్టి లోపలికి నడిచాడు.

అన్ని గదులూ చూసి తిరిగొచ్చేసరికి ఆ మూల జనం మూగి ఉన్నారు. ఒకమ్మాయి వంగి మరీ ఫోటోలు తీస్తోంది.

"ఎంత ఓపికగా కుట్టారో! ఒక్క కుట్టయినా వంకర పోలేదు," అంటోంది పక్కామెతో.

"అయ్యయ్యో, అది మాదండీ," అనబోతూ బాబాయి ముందుకు కదిలాడు. పిన్ని ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇప్పుడేం కొంప మునిగిందని? ఫోటోలు తీసుకోనివ్వండి పాపం."

తిరుగు బస్సులో గొడుగు పిన్ని ఒళ్ళో పడుకుంది. తోడికోడలు "ఏదీ, ఇలా ఇవ్వు," అని చెయ్యి చాపింది.

పిన్ని గొడుగును అవతలికి జరుపుకుంది.

"చూస్తే చూడు గానీ అక్కా, ముట్టుకోకూడదు."