కంకర తూకం

తల్లి రొమ్ము మీది నుంచి పిల్లని లాక్కెళ్లడం నేను కళ్లారా చూశాను. చూసి నోరు మూసుకున్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మీలో చదువుకునే పిల్లలున్నారు, మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకునేవాళ్లున్నారు. నన్ను చూసి ఏదో పొడిచేసిన మనిషి అనుకుంటే నాకే సిగ్గు.

మాది రాతి క్వారీ. మగవాళ్లు డ్రిల్లు పట్టి, మందు పెట్టి బండ పేలుస్తారు, క్రషర్‌లో రాయి పోస్తారు. ఆడవాళ్లం సుత్తులతో కంకర కొడతాం. గుంట అంచునే మా రేకుల షెడ్లు. లేచింది మొదలు దుమ్మే, తినే ముద్దలోనూ దుమ్మే. మేం పనిలో ఉన్నంతసేపూ పిల్లలు ఉండటానికి పక్కనే ఒక పాక ఉండేది. ఒక ఆయా, రెండు పూటలా పాలు, ఓ గుడ్డు. ప్రభుత్వం నడిపేది. అంతంతమాత్రమే అయినా నడిచేది.

ఏడాది కిందట దాన్ని ఒక స్వచ్ఛంద సంస్థకి అప్పజెప్పారు. గోడలకి రంగులేశారు. కొత్త కాంటా తెచ్చి దూలానికి వేలాడదీశారు. సంస్థ మేడమ్ మా మధ్యే నేల మీద కూర్చుని, "ఇకనుంచి మీ పిల్లలు మా పిల్లలు" అంది. ఎంత మంచి మనిషో అనుకున్నాం. ఆవిడ ఉన్నమాటే చెప్పిందని తర్వాత తెలిసింది.

నెలకోసారి, మంగళవారం పొద్దున తూకం. గుడ్డ ఉయ్యాల్లో పిల్లని వేసి కాంటాకి తగిలిస్తారు. వచ్చిన బరువు ఒక అట్ట మీద రాస్తారు. అట్ట మీద మూడు రంగులు. ఆకుపచ్చలో ఉంటే క్షేమం, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపులో పడితే పిల్ల సంస్థది. 'తల్లి నిర్లక్ష్యం' అని రాసిన కాగితం మీద సంక్షేమ ఆఫీసరు సంతకం పెడతాడు. తెల్ల వ్యాను వచ్చి, పట్నంలో సంస్థే నడిపే సంరక్షణ గృహానికి పిల్లని తీసుకెళ్తుంది.

మొదటి తూకంలోనే మా పక్క షెడ్డు బాలింత కూతురు ఎరుపులో పడింది. పది నెలల పిల్ల. అప్పుడు పాలు తాగుతూ ఉంది. ఆఫీసరు పక్కన నిలబడి "త్వరగా కానివ్వండి" అన్నాడు. ఇద్దరు పట్టుకుని లాగారు. ఆ తల్లి వ్యాను వెంట మలుపు దాకా పరిగెత్తింది. జాకెట్టు పాలతో తడిసిపోయింది. మేం సుత్తులు పట్టుకుని చూస్తూ నిలబడ్డాం. నాలుగు నెలలైనా పిల్ల రాలేదు. నెలకోసారి చూపిస్తారట. మూడోసారి వెళ్లేసరికి పిల్ల ఈమెని చూసి ఏడ్చి, అక్కడి ఆయా చంక ఎక్కేసిందట. ఆ తర్వాత ఆమె పనికి రాలేదు. ఆ గేటు దగ్గరే కూర్చుంటోందని విన్నాం.

ఆ నాలుగు నెలల్లో మా పిల్లలూ ఎరుపు అంచుకి జారారు. పిల్లల్ని దాచేద్దామా అంటే పేర్లు రాసుకున్నారు. పని మానేసి పోదామా అంటే ఎక్కడికి పోతాం? అప్పుడు డ్రిల్లరు పెళ్లాం ఉపాయం చెప్పింది. ఎప్పుడూ నవ్వే మనిషి. నన్ను వదినా అంటుంది.

"ఏది లేకపోయినా మనకి కంకరకి కరువా వదినా?" అంది.

పిల్లల చొక్కాలకి లోపల అస్తరు వేసి, కంకర పోసి కుట్టాం. తూకానికి ముందు చెంబుడు నీళ్లు తాగించాం. మా బుడ్డోడికి రెండేళ్లు. ఎరుపులో ఉండాల్సినవాడు పసుపులోకి వచ్చేశాడు. చాటుకెళ్లి నోట్లో కొంగులు కుక్కుకుని నవ్వుకున్నాం. సంస్థని బురిడీ కొట్టించామని ఎంత సంబరమో. పిల్లలు నెలనెలా పెరగాలి కదా మరి. అందుకని నెలనెలా కంకర పెంచుతూ పోయాం. ఆరో నెలకి బుడ్డోడి చొక్కాలో కిలో పైనే ఉండేది. వాడు ఆ చొక్కాతో రెండడుగులు వేసి కూలబడిపోయేవాడు.

ఆ నెలలోనే పాక ముందు 'ఎరుపు లేని క్వారీ' అని బోర్డు పెట్టారు. మేడమ్ ఫోటోలు దిగింది. మా కాంట్రాక్టరు ఆవిడ పక్కన నిలబడి ప్రశంసాపత్రం అందుకున్నాడు. ఆ మర్నాడే పాలు ఆపేశారు. ఆ వారంలోనే గుడ్డు ఆగింది, పాకకి తాళం పడింది. అడగడానికి వెళ్తే ఆఫీసరు మా అట్టలే మాకు చూపించాడు.

"అందరూ ఆకుపచ్చలోనే ఉన్నారుగా. లోటున్న చోటికి పంపించాం" అన్నాడు.

రాళ్ల సంగతి ఏమని చెప్తాం?

వానలు మొదలయ్యాక డ్రిల్లరు పెళ్లాం కూతురు చిట్టికి విరేచనాలు పట్టుకున్నాయి. ఏడాదిన్నర పిల్ల. ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. డాక్టరు అట్ట అడిగాడు, ఆకుపచ్చ చూశాడు, మూడు పొట్లాలిచ్చాడు.

"పడకలు ఎరుపులో ఉన్నవాళ్లకేనమ్మా. మీ పిల్ల బరువు బాగానే ఉంది. ఇంటికి తీసుకెళ్లండి."

డ్రిల్లరు పెళ్లాం నా మొహంలోకి చూసింది. ఒక్క మాట చెప్తే పిల్లకి పడక దొరికేది. పడక దగ్గరికి వ్యాను వచ్చేది. ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మూడో రోజు పొద్దున చిట్టి పోయింది.

పూడ్చిపెట్టి వచ్చాక షెడ్ల మధ్య ఖాళీలో కూర్చున్నాం. ఎవరూ పిలవలేదు. పని దిగిన మగవాళ్లూ వచ్చేశారు.

"నేనే చంపుకున్నాను. నా చేత్తోనే కుట్టాను" అంది డ్రిల్లరు పెళ్లాం. ఆమె ఏడవడం లేదు, అది చూస్తేనే భయమేసింది.

"ఆ మాట బయటికి పొక్కనీకు. మిగతా పిల్లల్ని కూడా ఎత్తుకుపోతారు" అన్నాడు మా ఆయన. క్రషర్ దగ్గర పని ఆయనకి.

"ఎత్తుకుపోనీ. అక్కడ తిండైనా పెడతారు" అంది ఒక ముసలమ్మ.

"నీ పిల్లలు పెద్దాళ్లయిపోయారు, నీకేం, ఎన్నైనా చెప్తావు" అంది ఒక చంటిపిల్ల తల్లి.

ఆ రభసలో కాంటా అక్క వచ్చింది. సంస్థ తరఫున మా పిల్లల్ని తూచేది ఆమే. ఆడవాళ్లు ఒక్కసారిగా లేచారు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావే?"

"కొడితే కొట్టండి" అంది. "నాకు మొదటి నెల నుంచీ తెలుసు. ఉయ్యాల్లో వేస్తుంటే రాళ్లు గలగలమనేవి."

"మరి నోరెందుకు మూసుకున్నావు?"

"ఉద్యోగం పోతుందని. మా అమ్మ మిల్లులో వేళ్లు పోగొట్టుకుంది, ఇల్లు నా మీదే నడుస్తోంది. మొదట్లో ఎరుపులు కావాలన్నారు, గృహం నిండాలి కాబట్టి. నిండాక ఎరుపులు వద్దన్నారు, పని బాగా చేసినట్టు కనపడాలి కాబట్టి. మీరు రాళ్లు కుడుతున్నారని మేడమ్‌కీ తెలుసు."

ఆమే మళ్లీ అంది. "పని చోట పిల్లలకి పాక, పాలు, చంటిపిల్ల తల్లికి మధ్యలో విరామం, ఇవన్నీ కాంట్రాక్టరు పెట్టాలని చట్టం. పెట్టకపోతే ప్రభుత్వం నిలదీయాలి. ఆయన ప్రభుత్వం మీదికి తోశాడు, ప్రభుత్వం సంస్థ మీదికి తోసింది. సంస్థ తీసుకొచ్చి మీ మీద పడేసింది. నిర్లక్ష్యం తల్లిదని అచ్చేసి మరీ."

నా ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ దొంగల్లా తలొంచుకుని తిరిగింది మేమా అని.

"వచ్చే మంగళవారం బోర్డు చూడటానికి పెద్దలొస్తున్నారు" అంది కాంటా అక్క.

"అయితే ఆ రోజు పిల్లల్ని వట్టి ఒంటితో తూచండి" అంది డ్రిల్లరు పెళ్లాం. "నాకు తూచడానికి పిల్ల లేదు. మీకున్నారు."

ఇంటికెళ్లగానే మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. "చేజేతులా బుడ్డోణ్ని అప్పగిస్తావా? ఆ బాలింత గతి చూశావుగా?"

"చూశాను. చిట్టి గతి కూడా చూశాను" అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ భయమే.

మంగళవారం పాక తాళం తీశారు. పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. మేడమ్ ఉపన్యాసం మధ్యలో ఉండగానే మేం పిల్లల్ని ఎత్తుకుని లోపలికి వెళ్లాం. ముందు నేనే బుడ్డోడి చొక్కా విప్పి ఉయ్యాల్లో వేశాను. చలికి వాడు కేరుమన్నాడు. కాంటా అక్క గట్టిగా చదివింది.

"ఏడు కిలోల తొమ్మిది వందలు. ఎరుపు."

తర్వాతి పిల్ల ఎరుపు. ఆ తర్వాత పిల్లాడు ఎరుపు. నలభై ఒక్కమందిని తూస్తే ముప్పై ముగ్గురు ఎరుపు. మేడమ్ మెల్లగా "కాంటా పాడైనట్టుంది" అంది. పెద్దలు లేచి కార్ల వైపు నడిచారు. కాంట్రాక్టరు, పది నిమిషాల్లో పనిలో లేనివాళ్లు షెడ్లు ఖాళీ చేయాలన్నాడు. ఆఫీసరు వ్యాను పిలిపించి, నా చేతుల్లోంచి బుడ్డోణ్ని తీసి అందులో కూర్చోబెట్టించాడు. ఓ కాగితం నా ముందు పెట్టాడు.

"కాంటా పాడైందని వేలిముద్ర వెయ్యి. పిల్లాణ్ని దింపుకో."

కిటికీలోంచి వాడు నా కోసం చేతులు చాపుతున్నాడు. నా వేలికి సిరా పూశారు. చెయ్యి కాగితం మీదికి పోయింది కూడా. అది దాచుకోను.

అప్పుడు డ్రిల్లరు పెళ్లాం నన్ను దాటుకుని వెళ్లి వ్యాను ఎక్కింది. బుడ్డోణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేను దిగను. ముందు మా చిట్టి బరువు రాయి సారూ."

"ఆ పిల్ల పోయింది కదా?"

"మీ అట్టలో ఇంకా ఆకుపచ్చలోనే ఉంది. అది కొట్టేసి అసలు బరువు రాయి. ఎంతో నువ్వే చెప్పు. నెలనెలా సంతకం పెట్టింది నువ్వే కదా."

నేను వేలు కొంగుకి తుడుచుకున్నాను. నా వెనకామె తన పిల్లని ఎత్తి వ్యానులో పెట్టింది. ఆమె వెనకామె ఇద్దర్ని పెట్టింది. ఏ వ్యానుని చూస్తే మా పైప్రాణాలు పైనే పోయేవో, దాన్లోకి మేమే పిల్లల్ని ఎక్కించాం.

"తీసుకెళ్లండి. అందర్నీ తీసుకెళ్లండి. మేమూ వస్తాం."

ఎనిమిది మంది పట్టే వ్యాను. డ్రైవరు తాళంచెవి తీసి జేబులో వేసుకుని దిగిపోయాడు. అంతలో క్రషర్ ఆగింది. ఆపింది మా ఆయనే. గుంటలోంచి మగవాళ్లు ఒక్కొక్కరే పైకి రావడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నానికి రెండు పోలీసు లారీలు వచ్చాయి. పిల్లల ప్రాణాలకి ముప్పు తెచ్చారని కేసు రాసి ఆరుగురిని ఎక్కించారు. డ్రిల్లరు పెళ్లాన్ని జుట్టు పట్టి దింపుతుంటే, "పట్టుకో వదినా" అని బుడ్డోణ్ని నా చేతుల్లో పెట్టింది. కాంటా అక్కనీ తీసుకెళ్లారు. మూడు వారాలైంది, ఇంకా వదల్లేదు. మొన్న జైలుకి వెళ్తే డ్రిల్లరు పెళ్లాం తనెలా ఉందో చెప్పలేదు. చిట్టి బరువు రాశారా అని అడిగింది. లేదన్నాను. "అయితే ఇంకా ఎందుకు కూర్చున్నారు?" అంది.

అందుకే వచ్చాను. కొండ అవతలి క్వారీలోనూ ఇదే సంస్థ, ఇవే అట్టలు. అక్కడి తల్లులు కూడా పిల్లల కంకర చొక్కాలు విప్పేశారు. వాళ్ల పిల్లలు అరవై ముగ్గురు, మా పిల్లలు నలభై ఒక్కరు. రేపు పొద్దున వాళ్లందర్నీ ఎత్తుకుని ఆఫీసరు దగ్గరికి నడిచి వెళ్తున్నాం. ఐదు వ్యాన్లు తెప్పించి పెట్టారని కబురొచ్చింది. చాలామంది తల్లులకి ఇద్దరేసి చంటివాళ్లున్నారు, దారి దూరం. మీలో చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు రండి. ఒక్కొక్కరు ఒక్క పిల్లని ఎత్తుకోండి, ఎవరొచ్చి అడిగినా దింపకండి.