తీతువు మీద వేసిన నింద

నయా పైసలు వచ్చిన మరుసటి ఎండాకాలం అది. రోహిణి కార్తెకల్లా ఊరిబావి అడుగంటింది. సుల్తానాబాద్ అవతలి ఆ పల్లెలో ఆడవాళ్లు తెల్లారకముందే వాగులోకి దిగి, ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందెలు నింపుకునేవాళ్లు. బిందె నిండడానికి అరగంట పట్టేది. రోజు మొత్తంలో దేవవ్వను ఎవరూ కేకేసి పిలవని అరగంట అదొక్కటే.

ఆ అరగంటలో ఐదేళ్ల కూతురు భూమవ్వకు పిట్టల్ని చూపించేది. లకుముకి పిట్ట వాగులో మిగిలిన పాచి మడుగులోకి ఎట్లా దూకుతుందో, పూరేళ్లు నీళ్లకు ఎంత భయపడుతూ వస్తాయో చూపేది. ఇద్దరికీ బాగా ఇష్టమైంది మాత్రం గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టిన తీతువుల జంట.

"కదలకు బిడ్డా. అవి మనల్ని చూస్తున్నయి."

ఎండ చురుక్కుమంటే ఒక పిట్ట మడుగుకు పోయి, పొట్ట ఈకలు నీళ్లలో ముంచి, ఆ తడితో వచ్చి గుడ్ల మీద కూచునేది. అప్పటిదాకా గుడ్ల మీదున్న రెండోది నీళ్లకు పోయేది.

"రెండోది ఎవరే అవ్వా?"

"బాపు కావచ్చు."

"బాపు గూడ నీళ్లు తెస్తడా?"

దేవవ్వ చెలిమెలోకి వంగి చిప్పతో నీళ్లు తోడింది.

నిరుడు ఎనిమిదో నెల కడుపుతో, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని ఇదే వాగుగట్టు ఎక్కింది. మొదటిసారి వచ్చి నడుము గుంజుతుందని చెబితే, గడ్డం గీసుకుంటున్న భర్త సిద్దిరాములు తల తిప్పకుండానే అన్నాడు: "నీళ్లు లేక గొడ్లు దూపకున్నయి. ఇంకో రెండుసార్లు పోయిరా." మూడోసారి గట్టు మీదే కూలబడింది. మగపిల్లవాడు పుట్టాడు, ఏడవలేదు. ఆమె ఇంకా మంచం దిగకముందే అత్త కిష్టవ్వ తేల్చేసింది: "కడుపుతోటి తీతువు కూత విన్నది. గదే మింగింది పోరణ్ణి." సిద్దిరాములు తలూపాడు. ఆ మాట అతనికెంత హాయినిచ్చిందో ఆమె అతని మొహంలో చూసింది. ఏడాదంతా ఇంటికి ఎవరొచ్చినా అదే కథ. వాళ్లకు చాయ్ పోస్తూ తనూ విన్నది. వినీ వినీ నిజమే కాబోలనుకుంది. ఈ ఎండాకాలం గుడ్లు కంటబడిన రోజు వాటిని చితక్కొట్టడానికే రాయెత్తింది. అప్పుడే పిట్ట తడిపొట్టతో వచ్చి కూచుంది. ఆమెకు చెయ్యాడలేదు. మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది.

ఇంటికెళ్లాక భూమవ్వ నోరు ఊరుకోలేదు. తీతువుల ముచ్చటంతా బాపమ్మ కిష్టవ్వకు పూసగుచ్చినట్టు చెప్పింది. ఆమె మనవరాలిని ఒళ్లోకి లాక్కుని, చెవిలో చాలాసేపు ఏదో చెప్పింది.

మర్నాడు చెలిమె తవ్వుతూ దేవవ్వ తల తిప్పింది. పిల్ల రెండు చేతులతో పెద్ద రాయి మోసుకుంటూ గుడ్ల వైపు పోతోంది. పిట్టలు నెత్తిమీద అరుస్తూ తిరుగుతున్నాయి. దేవవ్వ పరుగెత్తి పట్టుకుంది.

"ఏం చేస్తున్నవ్?"

"తమ్ముణ్ణి మింగింది గిదేనట. బాపమ్మ చెప్పింది. చంపుత."

నిన్నటిదాకా కళ్లార్పకుండా పిట్టల్ని చూసిన పిల్ల కళ్లనిండా ఇప్పుడు భయం. తనమీద అబద్ధం మోపారు, సరే, ఏడాది మోసింది. ఇప్పుడు దాన్ని ఐదేళ్ల పసిదాని నెత్తికెత్తుతున్నారు. దేవవ్వ రాయి లాగి పారేసింది. బిందెలు అక్కడే వదిలి, పిల్లను చంకనేసుకుని ఇంటికి నడిచింది.

సిద్దిరాములు అరుగు మీద కూచుని ఉన్నాడు. "నీళ్లేవి?"

"తేలే."

దేవవ్వ వాకిట్లో చతికిలబడి, పిల్లను ఎదురుగా కూచోబెట్టుకుంది. గొంతు తగ్గించలేదు.

"తమ్ముణ్ణి పిట్ట మింగలే బిడ్డా. నాకు నడుము గుంజుతుందంటే మీ బాపు ఇంకో రెండుసార్లు పోయిరమ్మన్నడు. పోయిన. గట్టు మీద పడ్డ. గంతే."

కిష్టవ్వ గడప దగ్గరే ఆగిపోయింది. సిద్దిరాములు లేచి నిలబడ్డాడు.

"పోరి ముందట ఏం మాటలే గవి? ఏమున్నా నాతోని చెప్పు."

దేవవ్వ కూతురి మొహం మీంచి చూపు తిప్పలేదు.

"నీకు ఎరుకే. ఎరుక లేనిది నా బిడ్డకే."