దొరసాని తోక

ఉప్పాడలో సముద్రం వైపు చివరి ఇల్లు అప్పాయమ్మది. పొద్దున్నే లేచి, అరుగు మీద పడ్డ ఇసుక ఊడ్చి, ఎండుచేపలు తిరగేశాకే ఆవిడ టీ తాగేది. ఈలోగా పిల్లి దొరసాని వచ్చి కింది మెట్టు మీద పడుకుని తోక బారచాపేది. అలలు ఆ తోక దాకా వచ్చి ఆగిపోయేవి. ముందున్న వీధులన్నీ మింగేసిన సముద్రం ఆ తోకను మాత్రం ఎప్పుడూ దాటలేదు. రాళ్ళ గట్టు కొలతలకొచ్చిన ఇంజనీరు గారు కూడా తోక చివర్నుంచే టేపు పట్టి, టీ తాగి వెళ్ళారు. ఒకసారి అది పిల్లల్ని పెట్టడానికి ఎవరి అటకో ఎక్కి కూర్చుంటే, అప్పాయమ్మ వంటపాక కొట్టుకుపోయింది. దొరసాని లేదుగా మరి, అన్నారంతే అందరూ.

ఆ దొరసానికి జ్వరం వచ్చింది. కవళ్ళ చేపల తలకాయలు పెట్టినా మొహం తిప్పేసుకుంది. అప్పాయమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే. మొగుడు పెదబాబు బతికుండగా, వేట నుంచి తడిసి వణుకుతూ వస్తే జ్వరం బిళ్ళ వేసి వేడి పులుసు పోసేది. మనిషికి ఒకటి, పిల్లలకు సగం. ఆ లెక్కన పిల్లికి పావు. పావు ముక్క నలిపి చేపల పులుసులో కలిపి సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి పట్టించింది. "తాగమ్మా, తగ్గిపోద్ది" అని బతిమాలి మరీ పట్టించింది.

పొద్దెక్కేసరికి దొరసాని మొహం బూరెలా ఉబ్బిపోయింది. చిగుళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. తోక ముడుచుకుపోయింది. అది ముడుచుకున్నంత మేరా నీళ్ళు పైకొచ్చాయి.

అప్పాయమ్మ చేపల తట్టలో పాత చీర పరిచి పిల్లిని పడుకోబెట్టి, కాకినాడ పశువుల ఆసుపత్రికి ఆటో పిలిచింది. గోడకు గోడ ఆనుకుని వెనకింట్లో ఉండే ఆడపడుచు పాపాయమ్మ ఆటోకి అడ్డం నిలబడింది.

"దాన్ని తీసుకెళ్ళిపోతే మా గతేంటి వదినా? ఇక్కడే ఉంచి ఏదో ఒకటి పట్టించు."

"పట్టించే కదే ఇంత చేశాను!"

"అన్నయ్య కట్టిన ఇల్లు అది. పిల్లి కోసం వదిలేసుకుంటావా?"

అప్పాయమ్మ తట్టను ఆటోలో పెట్టింది. ఆ ఇంటి ఇటుకలు పెదబాబుతో పాటు తనూ మోసింది. తట్టలోంచి దొరసాని తన వైపే చూస్తోంది. తన చేత్తో పెట్టింది తిని చచ్చిపోతోంది.

"జరుగు పాపాయమ్మా" అంది.

గోడ మీది పెదబాబు ఫొటో తీసుకోవాలన్న సంగతి ఆటో కదిలాక గానీ గుర్తురాలేదు.

ఆసుపత్రి వరండాలో ఒకాయన కుక్కపిల్లకు కాల్షియం సిరప్పు ఎంత పొయ్యాలని అడుగుతున్నాడు. ఇంకొకావిడ గోమార్ల మందు మెడ మీద వెయ్యాలా నోట్లో వెయ్యాలా అంటోంది. అప్పాయమ్మ వాళ్ళందర్నీ తోసుకుని లోపలికెళ్ళింది. డాక్టరు ప్రసన్నకుమారి గారు చిగుళ్ళు చూసి తలెత్తారు.

"ఏం మందు పెట్టారమ్మా?"

"జ్వరం బిళ్ళండి. మేం వేసుకునేదేనండి. పావు ముక్కేనండి."

"మనం వేసుకునేదే పిల్లికి విషం. దాని లివరు ఆ మందుని తట్టుకోలేదు. చిన్న ముక్కైనా ప్రమాదమే."

"చచ్చిపోద్దేంటండి?"

"చెప్పలేను. విరుగుడు ఉంది. రేపటిదాకా విడతలవారీగా ఇస్తూనే ఉండాలి."

"ఇంటికి తీసుకెళ్ళి మెట్టు మీద పడుకోబెట్టి ఇచ్చుకోవచ్చాండి? ఉప్పాడండి మాది. ఇది లేకపోతే సముద్రం వచ్చేస్తుందండి."

డాక్టరమ్మకు ఉప్పాడ సంగతి తెలుసు. మళ్ళీ ఒకసారి పిల్లి చిగుళ్ళు చూశారు. "కదిపితే దారిలోనే పోతుందమ్మా. ఇక మీ ఇష్టం."

అప్పాయమ్మ పిల్లి పక్కనే కూలబడిపోయింది.

మధ్యాహ్నం పాపాయమ్మ ఫోన్ చేసింది. "మెట్లు పోయాయి వదినా." కాసేపటికి మళ్ళీ చేసి అరుగు పోయిందని చెప్పింది. సాయంత్రం ఇంకోసారి మోగింది. "అన్నయ్య ఫొటో తెద్దామని వెళ్ళాను వదినా. అప్పటికే ఆ గోడ లేదు."

దొరసాని డొక్క మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ అప్పాయమ్మ భోరున ఏడ్చింది. ఇంటి కోసం ఏడ్చింది, ఫొటో కోసం ఏడ్చింది. అన్నిటికంటే ఎక్కువ ఆ పావు ముక్క తలుచుకుని ఏడ్చింది.

మర్నాటికి చిగుళ్ళు ఎర్రబడ్డాయి. ఇంటి దగ్గర వెయ్యాల్సిన మందులిచ్చి, ఇకమీదట అడక్కుండా ఏదీ పెట్టొద్దని చెప్పి పంపారు డాక్టరమ్మ.

ఆటో దిగేసరికి ఇల్లు ఉన్నచోట అలలు లేస్తున్నాయి. పాపాయమ్మ పెరటి గుమ్మమే ఇప్పుడు సముద్రం వైపు చివరిది. ఆవిడ బిందెలూ మంచాలూ రోడ్డు మీదికి చేరవేస్తోంది. వదిన వైపు చూడలేదు.

అప్పాయమ్మ తట్టను ఇసుకలో దించింది. దొరసాని తూలుకుంటూ బయటికొచ్చింది. తన మెట్టు ఉండాల్సిన చోటు కేసి కాసేపు చూసింది. తర్వాత మెల్లగా నడిచి వెళ్ళి, పాపాయమ్మ గడప ముందు పడుకుని తోక చాపింది. ఒక అల వచ్చి, తోక చివరి వెంట్రుకలు తడిపి వెనక్కి పోయింది.

పాపాయమ్మ చంకలోని బిందె కింద పెట్టేసింది.

"మీ ఇల్లు నిలబడుద్దిలే" అంది అప్పాయమ్మ. మందుల పొట్లం గడప మీద పెట్టి, ఖాళీ తట్ట తీసుకుని రోడ్డు వైపు తిరిగింది.

"ఎక్కడికి?"

"తెలీదు."

"దానికి ఏ మందు ఎంత వెయ్యాలో నాకేం తెలుసు?" అంది పాపాయమ్మ. "నీ చోట్లో నేనున్నా ఆ పావు ముక్కే వేసేదాన్ని వదినా. లోపలికి రా."

అప్పాయమ్మ దొరసాని తోక తొక్కకుండా జాగ్రత్తగా దాటి, లోపలికి వెళ్ళింది.